నలభయ్యో పేజీలో మేస్త్రీ

ఉదయగిరి

భార్గవా,

పెంచలకోన స్వామి నిన్ను చల్లగా చూడాలి. మా పెంచలమ్మవ్వ మీద నువ్వు రాసిన నవల పూజ ముగించుకుని కూర్చున్నచోటే చదివేశాను. బాగా నవ్వించావు. యుద్ధం రోజుల్లో కలువాయి పక్కన అభ్రకం పొరలు చీల్చిన కూలిపిల్లకు పట్టుచీర కట్టించావు. పని చేసినంతసేపూ పాటలు పాడించావు. అవ్వకు పాట రాదు, దగ్గు వచ్చేది.

నలభయ్యో పేజీలో మాత్రం నవ్వు రాలేదు. సాయంత్రం గేటు దగ్గర, అభ్రకం దాచిందేమోనని మేస్త్రీ సోదా చేస్తుంటే ఆమె సిగ్గుతో ఎర్రబడిందనీ, ప్రేమ అక్కడే మొదలైందనీ రాశావు. సోదా పేరుతో రోజూ ఆడవాళ్ల ఒళ్లు తడిమేవాడు అతను. ఒకరోజు అవ్వ దూలగొండి కాయలు ఆకులో చుట్టి రొంటిన దోపుకుని వెళ్లింది.

"పెట్టినాడు చెయ్యి! వారం దినాలు గోక్కునేదానికే సరిపోయింది ముదనష్టపోడికి. మళ్లా ఎవురి కొంగూ ముట్టలేదు మే" అని మాకు చెప్పి నవ్వేది.

ఎర్రబడింది వాడి చెయ్యి, నాయనా.

నవల ఇంకా అచ్చుకు వెళ్లలేదు కదా, ఆ పేజీ మార్చు. మార్చకపోతే ఆత్మకూరు ఆవిష్కరణ సభలో ఈ మాటలే చెబుతాను. నా గొంతు చిన్నదని బెంగపడకు. మైకు పెట్టిస్తానని నువ్వే అన్నావుగా.

నీ మేనత్త