మట్టయ్య చేసిన మేలు

సూర్యాపేట,
ఫిబ్రవరి 1949, గురువారం

ప్రియమైన పుష్పలతకు,

దయను లెక్కపెట్టవచ్చునా? మద్రాసు హాస్టల్లో వ్యాసం రాస్తూ నిన్నడిగాను, గుర్తుందా? ‘కైండ్‌నెస్’ అంటే గుణం, ‘కైండ్‌నెసెస్’ అంటే చేసిన మేళ్లు అని తేల్చేసి నువ్వు నిద్రపోయావు. నాకు మాత్రం ఇన్నేళ్లయినా తేలలేదు. ఇప్పుడు దానిమీద ఒక మనిషి ప్రాణం ఆధారపడి ఉంది.

మా బడి ఊడ్చే సారమ్మ భర్త మట్టయ్యను మిలిటరీవాళ్లు పట్టుకుపోయారు, కమ్యూనిస్టు సంఘపోళ్లకు అన్నం పెట్టాడని. క్యాంపు ఆఫీసరుకు తెలుగు రాదు. ఇంగ్లీషు దరఖాస్తు నేను రాయాలి. ‘కైండ్‌నెస్’ ఉన్నవాడని ఏకవచనంలో రాస్తే అది ఎవరి గురించైనా రాయగల మాట. బహువచనం రాశానా, ప్రతి మేలుకూ ఒక పేరు చెప్పాలి. పేరు చెప్పిన ప్రతి ఇంటిముందుకూ జీపు వస్తుంది.

“పేర్లు వద్దమ్మా,” అంది సారమ్మ. “మంచోడని రాయి, గంతే. ఒక్కని కోసం ఊరందరిని లోపలేయిస్తనా?”

ఏకవచనమే రాశాను. రేపు క్యాంపుకు వెళ్తున్నాం. మిర్యాలగూడలో మీవైపు ఎలా ఉందో రాయి.

నీ రూతు

శనివారం

పుష్పా,

ఆఫీసరు చదివి, “ఎవరిపట్ల దయ?” అన్నాడు. సారమ్మకు తెలుగులో చెప్పాను. సారమ్మ తడుముకోలేదు.

“నాకే దొరా. లగ్గమై పదేండ్లాయె, ఒక్కనాడు నామీద చెయ్యెత్తలే. నమ్మకుంటే మా వాడకట్టు ఆడోళ్ల వీపులు సూసిరా.”

నేను ఇంగ్లీషులో చెప్పగానే ఆఫీసరు నవ్వాడు. నవ్వుతూనే కాగితం వెనక్కి తోశాడు. సోమవారం మట్టయ్యను కోదాడ దాటించి ఎక్కడికో పంపుతారట. ఆలోగా బయటివాళ్లు ఒక్కరైనా, మట్టయ్య తమకు చేసిన మేలు రాసి సంతకం పెట్టాలట. బహువచనం అక్కర్లేదు, విడిచిపెట్టడానికి ఒక్కటి చాలు.

నీకూ చెప్పని మాట. నిరుడు రజాకార్లు మీదపడ్డనాడు నన్ను తన కొట్టంలో గడ్డికింద దాచి, మర్నాడు మునగాల దాటించింది మట్టయ్యే. అదే గడ్డిలో నా పక్కన తుపాకులతో సంఘపోళ్లు ఇద్దరున్నారు. వాళ్ల పేర్లు నాకు తెలుసు. సంతకం పెడితే ఆఫీసరు రెండో ప్రశ్న ఏమడుగుతాడో కూడా తెలుసు. అబద్ధమాడే ధైర్యం నాకుందా? రెండు దెబ్బలు పడితే నోరు మూసుకుని ఉండగలనా?

సారమ్మ బయట అరుగుమీద కూర్చుంది. ఆ రోజు గడ్డిలోకి నాకు మంచినీళ్లు అందించింది ఆమే. అయినా సంతకం పెట్టమని ఇంతవరకూ అడగలేదు.

ఇది చదివి పొయ్యిలో వెయ్యి. సంతకం పెట్టాలో వద్దో నాకింకా తెలియడం లేదు.

రూతు