గాలికోటు బొత్తాల సంగతి

బొమ్మల సీరియల్ ఆఫీసులో పెద్దలందరికీ,

నలభై ఏళ్లు కోట్లు కుట్టి, ఇప్పుడు కిటికీ పక్కన కూర్చున్న ముసలిదాన్ని, నమస్కారం పెట్టి రాస్తున్నాను. సీరియల్ అయ్యాక "ఈ భాగం ఎలా ఉందో రాయండి" అని అడ్రసు వేశారు కదా, అందుకు.

బాబూ, నిన్నటి భాగం చూసిన దగ్గర్నుంచి గుండె దడ తగ్గలేదు. అంత బాగుంది. మిల్లుకి నిప్పంటుకుని ముప్పైమంది పై అంతస్తులో ఇరుక్కుపోతే, మన గాలికోటు పిల్లాడు మెడదాకా బొత్తాలు పెట్టుకుని రివ్వున ఎగిరొచ్చాడు. నేను కుర్చీ అంచుకి జరిగిపోయాను. కోడలేమో, జారిపడతారత్తయ్యా, అవి బొమ్మలే కదా అంటుంది. బొమ్మలైతే పొగ పట్టదా ఏం? వాడు ముప్పైమందినీ మూడు విడతల్లో దింపేస్తుంటే, ఆ కోటు చంకలో ఎక్కడ పిగులుతుందోనని నా ప్రాణం నా దగ్గర లేదు.

ఇక అసలు సంగతి. చివరి విడతకి పొగలోకి వెళ్లినవాడూ, బయటికొచ్చిన మనిషీ ఒకరు కాదు. చూడ్డానికి వాడిలాగే ఉన్నా, వచ్చింది ఆడపిల్ల. మూడో భాగంలో వాడికో చెల్లెలుందని ఒక్క మాట అని వదిలేశారు, అప్పట్నుంచీ ఆ పిల్ల ఏమైపోయిందోనని నాకు బెంగే. అదే వచ్చింది, వాడి కోటులాంటి కోటేసుకుని. అంటే మన పిల్లాడు ఇంకా లోపలే ఉన్నాడు. మీరు చూసుకున్నారో లేదోనని గాభరాగా రాస్తున్నాను. వచ్చే వారం దాకా ఆగకుండా ఎవరినన్నా లోపలికి పంపండి.

ఇట్లు,
మీ గాలికోటు చల్లగా ఉండాలని కోరుకునే ముసలమ్మ

తా.క.: ఆ విలన్ బొగ్గుదొర పొగలో నిలబడి అంతసేపు నోరు తెరిచి నవ్వుతున్నాడు. చెడ్డవాడే అనుకోండి, కాని వాడికీ ఊపిరితిత్తులుంటాయి. చెప్పి చూడండి.

*

గౌరవనీయులైన అమ్మగారికి,

ఉత్తరాల విభాగం నమస్కరించి తెలియజేయునది. మీ ఉత్తరాన్ని డైరెక్టరుగారు ఒకసారి నిలబడి చదివారు, ఇంకోసారి కూలబడి చదివారు. చెల్లెలి సంగతి ఆఖరి భాగం దాకా బయటపడకూడని రహస్యం. అది ఆయనకీ, కథ రాసే ఆయనకీ తప్ప మూడో మనిషికి తెలియదు. మీకు ఎవరి ద్వారా తెలిసిందో వెంటనే రాయవలసిందిగా వారి ఆజ్ఞ.

ఇట్లు,
ఉత్తరాల విభాగం

తా.క.: బొగ్గుదొర ఊపిరితిత్తుల విషయం పైవారికి విన్నవించాము.

*

ఉత్తరాల విభాగం వారికి,

మళ్లీ ఆ ముసలమ్మనే. అయితే చెల్లెలేనన్నమాట! నేను చెప్పలేదూ? సంతోషం పట్టలేక కోడలిచేత కుట్టు మిషను ఆపించి మరీ మీ ఉత్తరం చదివి వినిపించాను. అది, ఈసారి మీరు గెలిచారులెండి అత్తయ్యా అంది. ఈ ఇంట్లో ఆ మాట వినడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది.

నాకెవరు చెప్పాలి నాయనా? బొత్తాల దగ్గరే దొరికిపోయింది. పొగ తర్వాత బొమ్మల్లో బొత్తాలు వేసిన చెయ్యి ఎవరిదో గాని, ఆ చేతికి దణ్ణం. మీరు దాచిపెట్టిందంతా నాకు చూపించింది ఆ చెయ్యే. ఆ మనిషిని నా తరఫున మెచ్చుకోండి.

ఇట్లు,
మీ ముసలమ్మ

తా.క.: రహస్యమన్నారు కనుక ఎవరికీ చెప్పలేదు. మా కోడలికి, పాలాయనకి, బస్టాపులో నా పక్కన కూర్చున్నావిడకి, అంతే. ఆవిడ చాలా నెమ్మదస్తురాలు. ఇద్దరికి మించి చెప్పనని మాటిచ్చింది.

*

గౌరవనీయులైన అమ్మగారికి,

మీ ఉత్తరం అందింది. దోషి ఎవరో మీరే రాసిచ్చినందుకు డైరెక్టరుగారు కృతజ్ఞతలు తెలుపమన్నారు. ఒక్కో భాగాన్ని ఇద్దరు పంచుకుని గీస్తారు. పొగ తర్వాతి బొమ్మలు గీసింది కొత్తగా చేరిన ఒక అమ్మాయి. ఆమె కథ కాగితాలు దొంగచాటుగా చదివి మీకు చూపించిందని మీ మాటల వల్ల రుజువైంది కనుక, శుక్రవారం సాయంత్రం ఆమెను పనిలోంచి తీసేస్తున్నారు.

ఇట్లు,
ఉత్తరాల విభాగం

తా.క.: తనకేమీ తెలియదని ఆ అమ్మాయి మొత్తుకుంటోంది. ఎవరూ నమ్మడం లేదు. మీరు ఇంకేమైనా చెప్పదలిస్తే శుక్రవారం లోపల చెప్పండి. ఇది డైరెక్టరుగారి మాట కాదు, ఈ ఉత్తరం రాసేవారి మాట.

*

బాబూ, డైరెక్టరుగారూ,

దణ్ణం పెడతాను, ఆ పిల్ల జోలికి వెళ్లకండి. మెచ్చుకోబోయి దాని కడుపు కొట్టాను. ఆ పిల్ల నల్లగా ఉంటుందో తెల్లగా ఉంటుందో కూడా నాకు తెలియదు.

అసలు జరిగింది వినండి. మగవాళ్ల కోటుకి, వేసుకున్నవాళ్ల లెక్కన, బొత్తాలు కుడి పక్క కుడతాం, కాజాలు ఎడమ పక్క కోస్తాం. ఆడవాళ్ల కోటుకి అంతా ఎదురు. పని నేర్చుకునే రోజుల్లో ఒక పోలీసాయన కోటుకి తిరగేసి కాజాలు కోసేశాను. మా మేస్త్రి ఆ పూట తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. అప్పట్నుంచీ మనిషి ఎదురైతే ముందు బొత్తాలు చూస్తాను, మొహం తర్వాత. పొగలోకి వెళ్లేటప్పుడు బొత్తాలు కుడి పక్కనున్నాయి, వచ్చేటప్పుడు ఎడమ పక్కనున్నాయి. ఇందులో ఆ పిల్ల చేసిన ద్రోహమేముంది?

నమ్మకపోతే మీ ఆఫీసులో మగవాళ్లనీ ఆడవాళ్లనీ కోట్లతో వరసగా నిలబెట్టి చూసుకోండి. అది తప్పని తేలితే వచ్చి నన్ను తిట్టండి, నాకు అలవాటే. పిల్లని మాత్రం వదిలేయండి.

ఇట్లు,
మూడు రోజులుగా మెతుకు ముట్టని ముసలమ్మ

తా.క.: పోస్టులో వేస్తే అందుతుందో లేదోనని కోడల్నే బస్సెక్కించి పంపుతున్నాను. ఇప్పుడు దానికోసం కూడా బెంగగా ఉంది.

*

అమ్మమ్మా,

ఇక అమ్మగారూ అనలేను. పొగ తర్వాత బొత్తాలు వేసిన చెయ్యి ఇదే, ఈ ఉత్తరం రాస్తున్నదీ ఇదే. మాది చిన్న ఆఫీసు. పొద్దున బొమ్మలు గీస్తాను, మధ్యాహ్నం ఉత్తరాలకి జవాబులు రాస్తాను. నన్ను పనిలోంచి తీసేస్తున్నారని డైరెక్టరుగారు చెబుతుంటే, అక్షరం పోకుండా నాచేతనే రాయించారు. మధ్యలో ఏడుపొచ్చి ఆగితే, కామా పెట్టమన్నారు.

నిజం చెబుతున్నాను, నాకు చెల్లెలూ తెలియదు, రహస్యమూ తెలియదు. కోటు గీయడం రాక, నా కోటు విప్పి కుర్చీకి తగిలించి, దాన్ని చూసి గీశాను. అది ఆడవాళ్ల కోటు. అంతే అమ్మమ్మా.

మీ కోడలుగారు వచ్చి ఉత్తరం ఇచ్చి ఊరుకోలేదు. "అందరూ లేచి నిలబడండి" అన్నారు. లేచాం. ఆవిడ స్కేలు పట్టుకుని ఒక్కొక్కరి కోటూ చూపించుకుంటూ వస్తే, మగవాళ్లందరికీ కుడి పక్కే, ఆడవాళ్లందరికీ ఎడమ పక్కే. కథ రాసే ఆయన చప్పట్లు కొట్టారు. నా ఉద్యోగం నాకుంది. మీ బస్టాపు ఆవిడ పుణ్యమా అని ఊరంతా తెలిసిపోయింది కనుక, చెల్లెల్ని వచ్చే వారమే చూపించేస్తున్నారు. అందులో కోట్లన్నీ నేనే గీస్తున్నాను, కుడీ ఎడమా రాసి గోడకి అంటించుకుని మరీ.

ఇట్లు,
మీ బొత్తాల పిల్ల

తా.క.: వరసలో ఒక్కరికే లెక్క తప్పింది. డైరెక్టరుగారి కోటుకి బొత్తాలు ఎడమ పక్కనున్నాయి. "ఇది మీది కాదు, మీ ఆవిడది" అన్నారు మీ కోడలుగారు. ఆయన ఒప్పుకోలేదు. ఇంటికి ఫోను చేస్తే తేలింది: ఒకే గుడ్డ, ఒకే కొలత, ఇద్దరి కోట్లూ నెల కిందట మారిపోయాయట. ఆవిడ వేసుకెళ్తున్న ఆయన కోటు లోపలి జేబులో ఆఖరి భాగం కాగితాలున్నాయి. వాళ్లావిడ అప్పుడే చదివేసి, తను పనిచేసే బ్యాంకులో అందరికీ చెప్పేసిందట.