ఆరింటి క్లాసు

సెప్టెంబర్ 6

గది బాగానే ఉంది. మంచం, బల్ల, కిటికీ. కిటికీలోంచి చూస్తే సైకిళ్ళ షెడ్డు. నలభై ఆరేళ్ళకి మొదటిసారి నాకంటూ ఒక గది. తలుపు గడియ పెట్టి, మంచం మీద కాళ్ళు చాపుకుని కాసేపు ఊరికే కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు. వింతగా ఉంది.

ఈ హాస్టల్లో ఇద్దరుండే గదులు కూడా ఉన్నాయట. మేం అదే అడుగుదామనుకున్నాం, నేనూ మా అమ్మాయీ. ఇంట్లో భోజనాల బల్ల దగ్గర పక్కపక్కన కూర్చునే ఇద్దరం అప్లై చేశాం. తను కంప్యూటర్ ఇంజనీరింగ్ మూడో ఏడు. కాలేజీ ఎక్స్ఛేంజ్‌లో ఒక సెమిస్టర్‌కి. నేను పాలిటెక్నిక్‌లో సర్వేయింగ్ చెప్పే లెక్చరర్ని. డిపార్ట్‌మెంట్ తరఫున ఏడాది కోర్సుకి. ఇద్దరిదీ ఒకే యూనివర్సిటీ. నాకు వస్తుందని ఇంట్లో ఎవరూ అనుకోలేదు, నాతో సహా.

నాకొచ్చింది. తనకి రాలేదు.

ఎయిర్‌పోర్టుకి కూడా రాలేదు. తలనొప్పి అంది.

సెప్టెంబర్ 9

క్లాసులో నేనే అందరికంటే పెద్ద. ప్రొఫెసర్ కంటే కూడా. మొదటి రోజు గుమ్మంలో నన్ను చూసి, తల్లిదండ్రుల మీటింగ్ కింది హాల్లో అండీ అన్నాడు పాపం. నేను స్టూడెంట్‌నని చెబితే చెవులు ఎర్రబడ్డాయి.

ఫ్లోరంతటికీ ఒకటే వంటగది. సాయంత్రం ఇద్దరు పిల్లలు వచ్చి, మీకు వంట బాగా వచ్చి ఉంటుంది కదా అని ముద్దుగా అడిగారు. అస్సలు రాదన్నాను. ఎంత హాయిగా ఉందో. ఈ ఏడాదంతా గుడ్డూ బ్రెడ్డే. నేను వచ్చింది చదువుకోవడానికి.

సెప్టెంబర్ 21

మా ఆయన రోజూ ఫోన్ చేస్తారు. ఆవాల డబ్బా ఎక్కడ, గీజర్ స్విచ్ ఏది, పాలవాడికి రేపు వద్దని ఎలా చెప్పాలి. ఇరవై రెండేళ్ళుగా అదే ఇంట్లో ఉంటున్న మనిషి.

పిల్ల ఏం చేస్తోందంటే, పడుకుంది అంటారు. ఎప్పుడడిగినా పడుకునే ఉంటుంది. ఇవాళ వీడియోలో ఈయన వెనకనుంచి వెళ్ళింది. జుట్టు ముడి కనిపించింది. అంతే.

అక్టోబర్ 3

ఫీల్డ్ వర్క్. పార్కులో ఎగుడుదిగుడు నేల మీద ట్రైపాడ్ నిలబెట్టి లెవెల్ చేయాలి. నా గ్రూపులో ఒక పొడుగబ్బాయి ఉన్నాడు, మా ఫ్లోరే. దాని కాళ్ళు సర్దలేక అవస్థ పడుతుంటే నేను చేసిచ్చాను. చాలా సంబరపడ్డాడు.

లాబ్‌కి వచ్చేసరికి నా సంబరం పోయింది. తెచ్చిన కొలతలన్నిటినీ ఇక్కడ ప్రోగ్రాం రాసి మ్యాప్ చేయాలి. నాది చేత్తో గీసిన తరం. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు తప్ప ఏమీ రాలేదు. పొడుగబ్బాయి రెండు నిమిషాలు ఓపిక పట్టి, లాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు.

అక్టోబర్ 19

ప్రోగ్రామింగ్‌లో ఫెయిలయ్యాను.

డిసెంబర్‌లో మళ్ళీ రాయొచ్చు. అప్పుడూ పోతే కోర్సులోంచి తీసేస్తారు. తట్టాబుట్టా సర్దుకోవడమే. పొడుగబ్బాయి గ్రూపు మార్చమని అడిగాడట. ప్రొఫెసర్ నాకు చాలా మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాదకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మా ఆయనకి చెప్పాను. పిల్లకి చెప్పొద్దన్నాను. ఈయన కడుపులో మాట దాగదని తెలుసు. తెలిసే చెప్పానేమో.

అక్టోబర్ 22

పిల్ల మెసేజ్ పెట్టింది: లూప్ అంటే ఏంటో తెలుసా?

నేను వచ్చాక తను నాతో అన్న మొదటి మాట.

అక్టోబర్ 23

నాకు ఎనిమిదికి లాబ్ ఉంటుంది కాబట్టి పొద్దున ఆరింటికి క్లాసు పెట్టింది. అప్పటికి మన దేశంలో బాగా పొద్దెక్కి ఉంటుంది. గదిలో వైఫై సరిగ్గా రాదు. వంటగదిలో, ఫ్రిజ్ పక్కన కూర్చున్నాను. ఎలా ఉన్నావు, తిన్నావా, ఏమీ లేవు. నోట్స్ తీసుకో అంది.

ప్రతి స్టేషన్ దగ్గరా ఆగుతావు, రీడింగ్ తీస్తావు, రాసుకుంటావు, పక్క స్టేషన్‌కి వెళ్తావు, అదే కదా నీ సర్వే, అంది. అవునన్నాను. లూప్ అంటే అంతే అమ్మా. కాకపోతే చివరి స్టేషన్ ఏదో నువ్వే చెప్పాలి, చెప్పకపోతే అది రీడింగులు తీసుకుంటూ సముద్రంలోకి వెళ్ళిపోతుంది.

అర్థమైంది. నెలన్నరగా కొరుకుడు పడనిది అర్థమైంది.

అక్టోబర్ 30

ఇవాళ బాగా తిట్లు తిన్నాను. అర్థం కాకపోతే కాలేదని చెప్పు, గంగిరెద్దులా తలాడించకు, అంది. ఇది నా డైలాగు. తన పదో తరగతి లెక్కలప్పుడు రోజూ అనేదాన్ని. తనకీ గుర్తొచ్చినట్టుంది, ఒక్క క్షణం ఆగింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మళ్ళీ మొదటినుంచి చెయ్యి అంది.

నవంబర్ 8

ఈ టైముకి నువ్వు కాలేజీలో ఉండాలి కదా అని అడిగాను. ప్రిపరేషన్ హాలిడేస్ అంది. నా ప్రోగ్రాంలో తప్పు వెతకడంలో పడి నేనూ వదిలేశాను.

నవంబర్ 17

క్లాసు సగంలో ఆపేసింది. లైన్ కట్టయిందనుకుని హలో హలో అన్నాను.

ఉన్నాను, అంది. ఆ సీటు నువ్వు లాక్కోలేదని నాకు తెలుసమ్మా. నా కోటా వేరు, నీ కోటా వేరు. నాకేం తెలియక కాదు. కానీ నీకొచ్చిన రోజు నాన్న స్వీట్లు తెచ్చాడు. నా గది ముందు నుంచే పట్టుకెళ్ళి పక్కింటివాళ్ళకి ఇచ్చాడు. వాళ్ళు నవ్వడం నాకు వినిపించింది. నువ్వు కూడా నవ్వావు.

నవ్వాను. నిజమే. అంత సంతోషం నా జన్మలో ఎప్పుడూ లేదు, దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. అదే చెప్పాను. ఇంకా ఏదో సర్ది చెప్పబోయాను.

సర్లే, ఆ ఏడో లైను చూడు, అంది. ఏడో లైను చూశాను. అలుక్కుపోయినట్టు కనిపించింది.

డిసెంబర్ 5

రాశాను. లూప్ సముద్రంలోకి పోలేదు.

డిసెంబర్ 12

పాస్. మరీ గొప్పగా కాదు, పాస్.

కారిడార్‌లోనే మా ఆయనకి ఫోన్ చేశాను. ఎగిరి గంతేస్తారనుకున్నాను. పిల్లకి చెప్పావా అన్నారు. ఇంకా లేదన్నాను. ఆగు, చెప్పకు, అన్నారు.

అప్పుడు మొత్తం బయటపెట్టారు. నేను వచ్చినప్పటినుంచీ పిల్ల కాలేజీకి వెళ్ళడం లేదు. హాలిడేస్ ఏమీ లేవు. పగలంతా దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. అన్నం ప్లేటు గది బయట పెడితే అలాగే ఉంటుంది. డాక్టరుకి చూపించారు, మందులు వాడుతోంది. హాజరు చాలక సెమిస్టర్ పోయింది. రోజులో నా క్లాసు కోసం ఒక్కసారి లేస్తుంది. మొహం కడుక్కుంటుంది. నీకు చెప్పాల్సింది ముందురోజే రాసుకుంటుంది అన్నారు. నువ్వు పాసయ్యావంటే ఇంక ఆ లేవడం కూడా, అని ఆగిపోయారు.

నా కోపం ఈయన మీదే. నా కూతురు గురించి నాకెందుకు చెప్పలేదన్నాను. చెబితే నువ్వు మర్నాడే వచ్చేస్తావు, అమ్మ చదువు కూడా నావల్లే పోయిందని అది ఇంకా కుంగిపోతుంది, నాకు ఎటూ పాలుపోలేదు, అన్నారు. ఏడుస్తున్నారు. ఈయన ఏడవడం నేనెప్పుడూ వినలేదు.

డిసెంబర్ 13

విమానం టికెట్లు చూశాను. చూసి, పేజీ మూసేశాను. మళ్ళీ తెరిచాను.

ఆరింటికి పిల్ల అడిగింది, రిజల్ట్ వచ్చిందా అని. రాలేదన్నాను. ప్రొఫెసర్‌కి ఒంట్లో బాలేదు, ఆలస్యమవుతుంది, ఈలోగా మర్చిపోకుండా చెబుతూ ఉండు, అన్నాను. లాబ్‌కి వెళ్తుంటే ఆ ప్రొఫెసరే గుండ్రాయిలా సైకిల్ తొక్కుకుంటూ ఎదురొచ్చి గుడ్ మార్నింగ్ చెప్పాడు.

డిసెంబర్ 20

వచ్చినదాన్ని రానట్టు చేయడం మహా కష్టం. ఇవాళ కావాలని రెండుచోట్ల కామా వదిలేశాను. వెంటనే పట్టుకుంది. అయ్యో అవును నా తప్పే అన్నాను.

స్క్రీన్ మీద తన మొహాన్నే చూస్తున్నాను. చెంపలు లోపలికి పోయాయి. ఇన్నాళ్ళూ నేను ఎర్ర అక్షరాలే చూశాను, పక్కనే చిన్న డబ్బాలో ఉన్న పిల్లని చూడలేదు.

డిసెంబర్ 28

సెలవులకి ఫ్లోరు ఖాళీ అయింది. పొడుగబ్బాయి మాత్రం ఉన్నాడు. క్లాసు జరుగుతుంటే నీళ్ళకని వచ్చి నా వెనక నిలబడిపోయాడు. కాసేపటికి తనే ఒక డౌట్ అడిగాడు. పిల్ల ఇంగ్లీషులో గడగడా చెప్పింది. వాడు కుర్చీ లాక్కున్నాడు.

తర్వాత గ్రూపు సంగతికి సారీ చెప్పాడు. ఫర్వాలేదు బాబూ అన్నాను. మీ టీచర్ రేపు కూడా వస్తుందా అని అడిగాడు.

జనవరి 9

ఇవాళ క్లాసు మొదలుపెట్టగానే, "అమ్మా, నువ్వు పోయిన నెలలోనే పాసయ్యావు" అంది.

నా స్టూడెంట్ అకౌంట్ మొదట తెరిచింది తనే, పాస్‌వర్డ్ పెట్టిందీ తనే. రిజల్ట్ వచ్చిన రోజే చూసిందట.

"చూడకపోయినా తెలిసేదిలే. నిజంగా తప్పు చేసినప్పుడు నువ్వు ఛస్తే ఒప్పుకోవు. కంప్యూటర్ పాడైందంటావు. ఇప్పుడేమో వెంటనే నా తప్పే, నా తప్పే."

మరి తెలిసీ రోజూ ఎందుకు చెప్పావే అన్నాను.

"నువ్వు ఆ చలిలో లేచి కూర్చుంటున్నావు కదా. నేను రాకపోతే బాగోదని."

ఫ్రిజ్ శబ్దం ఒకటే. నాన్న చెప్పేశాడు కదా అంది. ఊఁ అన్నాను. వచ్చేయనా అని అడిగాను.

"వచ్చి ఏం చేస్తావు, పక్కన కూర్చుని నన్నే చూస్తుంటావు. నాకు ఊపిరాడదు. వద్దు."

ఈ నెలాఖరుకి కొత్త సెమిస్టర్ మొదలవుతుంది. జూనియర్లతో కూర్చోవాలి, తల ఎక్కడ పెట్టుకోను అంది. నేను కూర్చోవడం లేదా అన్నాను. నీది వేరు అంది. ఆలోచిస్తే నాది వేరే. వాదించలేదు.

ఫోన్ పెట్టేశాక గిన్నె కడుగుతూ ఏడ్చాను. కడగాల్సినవేమీ లేకపోయినా కడిగాను.

జనవరి 28

రెండు రోజులు కాలేజీకి వెళ్ళింది. మూడో రోజు గేటు దాకా వెళ్ళి తిరిగి వచ్చేసింది. నాలుగో రోజు మంచం దిగలేదు. మా ఆయన డాక్టరుకి ఫోన్ చేశారు. ఇలా ముందుకీ వెనక్కీ ఉంటుంది, తొందరపెట్టొద్దు అన్నాడట.

ఇవాళ ఆరింటికి మళ్ళీ వచ్చింది. తల దువ్వుకోలేదు. ఫంక్షన్ల చాప్టర్ చెప్పింది. నేను నిజంగానే తప్పు చేశాను. కంప్యూటర్ పాడైందన్నాను. పెదవి చివర కొంచెం కదిలింది.

ఫిబ్రవరి 4

ఆరు దాటింది. తను రాలేదు. స్క్రీన్ మీద నా మొహమే ఉంది. పొడుగబ్బాయి వచ్చి చూసి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయాడు. ఫోన్ చేయకూడదనుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఏడింటికి మా ఆయన చేశారు. కాలేజీకి బయల్దేరిందట. సందు చివరి దాకా వెళ్ళి వెనక్కొచ్చిందట. బ్యాగు మర్చిపోయాను నాన్నా అంటూ లోపలికొచ్చి, భుజాన వేసుకుని, మళ్ళీ వెళ్ళిందట.