మెనాటీ పిల్లకు పాలు

రోటోటూనా, హామిల్టన్,
ఆదివారం

ఇంద్రజక్కా,

మన మెనాటీ పిల్ల గుమ్మడి నాలుగు రోజులుగా పాలు ముట్టడం లేదన్న నీ మెసేజ్ చూశాను. నేను జూలో ఉద్యోగం మానేసి, మా ఆయన అభినయ్‌తో న్యూజిలాండ్ వచ్చి మూడు వారాలే అయింది. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేక, హీటర్ ముందు కూర్చుని రాస్తున్నాను.

సీసా చేత్తో పట్టుకుని ఇవ్వకు. పేరుకు సముద్రపు ఆవే అయినా, మెనాటీ తల్లికి పాలు ముందు రెక్క కింద, చంక దగ్గర ఉంటాయి. అందుకే నేను కొలనులోకి దిగి, సీసాను చంకలో ఇరికించుకుని పట్టేదాన్ని. నీళ్ళు చల్లబడనివ్వకు, చలి తగిలితే దానికి తిన్నది అరగదు. ఒక పక్కకు ఒరిగి తేలుతుంటే కడుపులో గ్యాస్ చేరిందేమో డాక్టర్ని చూడమను.

ఇవన్నీ నాకు నేర్పింది నువ్వే. అయినా రాయకుండా ఉండలేకపోయాను.

నిన్న నీ వీడియో కాల్‌లో నేను "గుమ్మడీ, రామ్మా" అనగానే అది పైకొచ్చింది. మీసాల మూతితో ఫోనంతా తడిమింది. నీ చంక కింద కూడా వెతికి, వెనక్కి తిరిగిపోయింది.

"టికెట్ బుక్ చేయనా?" అన్నాడు అభినయ్. నాకు ఎనిమిదో నెల. ఫ్లైట్ ఎక్కొద్దన్నారు. ఎక్కినా నన్ను కొలనులో ఎవరు దిగనిస్తారు?

పాలు పట్టడానికి డాక్టర్లు ట్యూబ్ వేస్తామంటే ఒప్పుకో. దాన్ని పిలవమని మాత్రం నన్నింక అడగకక్కా. నేను పిలిస్తే అది వెతుకుతుంది. వెతకడానికి ఖర్చయ్యే ఆ కాస్త ఓపికైనా దానికి మిగలనీ.

ఏం చేయాలో తోచని
నీ చెల్లెలు