పేర్లు కొట్టించిన కంచాలు

మంగళవారం, చోడవరం

రేపు పదకొండింటికి గౌరినీ, దాని చెల్లి స్వాతినీ పిల్లల హోమ్ నుంచి తీసుకొస్తారు. వాళ్ళమ్మ కోలుకునేదాకా ఇద్దరూ మా దగ్గరే ఉంటారు.

కొత్త మంచం కొనడం మా వల్ల కాలేదు. రావికమతంలో ఎవరో అమ్మేస్తున్న పాత మంచాన్ని ఆయన ఆటోలో వేసుకొచ్చి రంగు వేశారు. నా పాత చీరలతో రెండు బొంతలు కుట్టాను. కొత్తగా కొన్నవి రెండు స్టీలు కంచాలే. మురిసిపోయి, వాటి అంచుల మీద పిల్లల పేర్లు కూడా కొట్టించాను.

సాయంత్రం అత్తమ్మ వాటిని చూసి గతుక్కుమంది.

"ఏటమ్మా ఇది? ఆళ్ళకి ఏరే కంచాలేటి? మన ఊళ్ళో కూలికొచ్చినోళ్ళకి కదా ఏరే కంచాలు తీసి ఉంచేవోళ్ళు!"

"అది కాదత్తమ్మా, ఆళ్ళకంటూ సొంతంగా ఏదైనా ఉండాలని..."

"నువ్వలాగనుకున్నావు. ఆ గుంటలేటనుకుంటారో?"

గౌరికి తొమ్మిదేళ్ళు. ఇప్పటికే రెండిళ్ళు మారింది. వేరుగా చూడడమంటే ఏమిటో దానికి నాకన్నా బాగా తెలుసు. కొట్టించిన పేరు తోమితే పోదు.

రేపు ఆ కంచాల్లో నేనూ ఆయనా తిని, మా కంచాలు పిల్లలకి పెడదామనుకున్నాను. కాస్త ఊపిరాడింది. అంతలోనే ఇంకో భయం పట్టుకుంది. గౌరికి చదవడం వచ్చు. నా ముందున్న కంచం మీద తన పేరు చూసి, గుమ్మంలోకి వచ్చీరాగానే తన వస్తువు నేను లాగేసుకున్నానని అనుకుంటే?