నీళ్లు పడని బోరు మీది రాయి

తనకల్లు,
9-7-2003

అన్నా,

మీ బావ నీకు కార్డు రాసినాడు. అది చేరకముందే అందాలని ఈ ఉత్తరం బస్సు కండక్టరు చేతికిస్తాండా.

పోయినేడు నీళ్లు పడని బోరుకు కేసింగ్ పైపు పీకేసి, ఆ గుంత మీదికి నువ్వూ ఆయనా బండరాయి దొర్లించినారు కదా. యాడనో ఒక పిల్లోడు బోరుగుంతలో పడినాడని పేపర్లో చదివినప్పటి నుంచి ఆయన రోజుకు ముప్పైసార్లు పోయి ఆ రాయిని చూసొస్తాండాడు. విత్తే గొర్రు కట్టి రెండు సాళ్లు తిరగకముందే మళ్లీ ఆడికే పోతాడు, వచ్చి రాయి ఉండాదా అని నన్నడుగుతాడు. వాన పడి వారమైంది, నేల పదును ఆరిపోతాండాది, శనక్కాయ విత్తలేదు.

అనంతపురంలో డాక్టరు చెప్పినాడు: "తాను చూడకపోతే ఎవరి బిడ్డో చస్తుంది, చంపింది తానే అవుతాడని నమ్ముతున్నాడమ్మా. అసలు జబ్బు అది. రాయి ఉందని మీరు చెప్పిన ప్రతిసారీ ఆ నమ్మకం ముదురుతుంది."

నిన్న ఆయన, "ఉండాదో లేదో ఒక్క మాట చెప్పేకి నీకేం రోగమే?" అన్నాడు. నేను విత్తనం కాయలు వలుస్తానే ఉండిపోయినా.

కార్డులో నిన్నూ అదే అడిగింటాడు. జవాబు రాయొద్దు. వీలైతే వచ్చి విత్తనం వేయించిపో.

రాయి ఉందని నాకు కూడా రాయొద్దు, అన్నా. ఈ పొద్దు రెండుసార్లు నేనే పోయి చూసొచ్చినా.

నీ చెల్లెలు