బోర్డు ముందు బాగున్నానని చెప్పకండి

ఏమండీ, ఫ్యాక్టరీ బస్సు వచ్చే వేళయింది, మిమ్మల్ని లేపలేదు. అన్నం గిన్నెలో ఉంది, చల్లగానే తినండి. స్టవ్ ముట్టుకోవద్దు, సిలిండర్ కట్టేశాను.

ఇవాళ పెన్షన్ తేల్చే మిలిటరీ మెడికల్ బోర్డు. మా తమ్ముడు వచ్చి తీసుకెళ్తాడు, వాడు వచ్చేదాకా గడప దాటొద్దు. ఇస్త్రీ చొక్కా వేసుకోకండి. లోపలికెళ్ళగానే సెల్యూట్ కొట్టకండి. ఎలా ఉన్నావంటే "బాగున్నాను సార్" అనకండి. పోయినసారి అదే అన్నారు. ఈ రోజేంటి, కూతురి పేరేంటి అని డాక్టరు అడిగితే అరచేతిలో రాసుకున్నది చూసి టకటకా చెప్పేశారు. తలకి తగిలిన దెబ్బ నయమైపోయిందని రాసి పెన్షన్ కోసేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మీరేమో పరేడ్‌లో నెగ్గినట్టు నవ్వుకుంటూ బయటికొచ్చారు.

ఇవాళ తెలియకపోతే తెలియదనండి. వీధి చివరికెళ్ళి ఇంటికి దారి తప్పిన సంగతి, టపాసు చప్పుడైతే మంచం కింద దూరే సంగతి దాచకండి. సిగ్గెందుకు? బాంబు పేలిన బండిలో ఉన్నది మీరు, వాళ్ళు కాదు.

లేవగానే చెయ్యి చూసుకుని కంగారుపడకండి. మీరు నిద్రలో ఉండగా నేనే సబ్బు గుడ్డతో తుడిచేశాను. వారం, ఇంటి నంబరు, పాప పేరు, అన్నీ పోయాయి.

అన్నిటికన్నా కింద నా పేరుంది. అది తుడవడానికే చేతులు రాలేదు. అయినా తుడిచాను. సాయంత్రం తలుపు కొట్టేది నేనే. ఎవరు నువ్వని అడిగినా ఏమీ అనుకోను. తీయండి చాలు, మళ్ళీ రాస్తాను.